నీ హీరో కటౌట్‌కు పాలు పోయలేదు

బాపూ,

నువ్వు పోయాక నీ హీరో సినిమా విడుదలవడం ఇదే మొదటిసారి. సినిమాకన్నా ముందు ఆయన ఇంటి మీద ఇన్‌కం ట్యాక్స్ దాడులు జరిగాయి. ఆదాయం దాచిన మాట నిజమేనని ఆయనే ఒప్పుకున్నాడట.

అయినా నిన్న అభిమాన సంఘం యాదగిరి ఎప్పటిలాగే ఖాళీ బిందెలతో మన గౌలిపుర పాల దుకాణానికి వచ్చాడు. కటౌట్‌కు పోయడానికి నువ్వు ప్రతి సినిమాకూ ఊరికే పాలిచ్చేవాడివి కదా.

"ఫికర్ చెయ్యకక్కా. అసలు ఇన్‌కం ట్యాక్సే చెల్లదంట. ఒక వకీలు వీడియోల చెప్పిండు" అన్నాడు.

"చెల్లకపోతే దాచుడెందుకురా? కట్టనని బాజాప్తా చెప్పాలె గదా!"

"గీ లొల్లెందుకక్కా? బాపు ఉంటే ఇస్తుండె."

అక్కడ నాకు మండింది. మొదటిసారి ట్యాక్స్ కట్టిన రోజు నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని గల్లీ అంతా పాలకోవా పంచావు. "మనం గూడ సర్కారుకు ఇచ్చేటోళ్లమైనం" అన్నావు. అందరూ నవ్వినా ఏటా పంచావు. వీళ్లకు ఆ బాపు గుర్తే లేడు.

బిందెలు ఖాళీగానే తిప్పి పంపాను. ఈ ఏటి ట్యాక్స్ కట్టేశాను. కటౌట్‌కు పోయాల్సిన పాలన్నీ రాత్రే కోవా చేసి, పొద్దున టాకీసుకు పట్టుకెళ్లాను. చుక్క పాలు పడని నీ హీరో కాళ్ల దగ్గరే నిలబడి, ఈ కోవా ఎందుకో గట్టిగా చెప్పి మరీ పంచాను.

మొదట చెయ్యి చాపింది యాదగిరే.