డాక్టరమ్మకు చెప్పని జవాబు

2006, మంగళవారం రాత్రి

నిద్ర ఎప్పటినుంచి పట్టడం లేదని గోరిమేడు ఆసుపత్రిలో డాక్టరమ్మ తమిళంలో అడిగింది. అక్క చచ్చిపోయినప్పటినుంచి అని చెప్పినా. "చిన్నప్పుడు ఏమన్నా కష్టం?" ఏమీ లేదని చెప్పినా. పక్కనే మా ఆయన ఉండాడు. ఆయనకే ఎప్పుడూ చెప్పింది లేదు.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోతే, నాన్న మమ్మల్నిద్దర్నీ పిన్నమ్మ ఇంట్లో వదిలేసి మళ్లీ రాలేదు. రోజూ సాయంత్రం గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని మెట్టుమీద కూర్చునేదాన్ని. నా ఏడుపు ఆపేదానికి అక్క పలకమీద తెలుగు అక్షరాలు దిద్దించేది.

ఈ నడుమ సాయంత్రమైతే మళ్లీ పోయి మెట్టుమీద కూర్చుంటా ఉండా. ఎవరికోసమో తెలీదు.

"ఏంది రాస్తా ఉండావు?" అని ఆయన ఇప్పుడే అడిగినాడు. నోటుబుక్కు ఆయన చేతికే ఇచ్చినా. తిప్పి చూసి, "తమిళ బడిలో చదివినోణ్ణి, ఈ అక్షరాలు నాకు యాడ తెలుసు?" అని తిరిగి ఇచ్చేసినాడు.

చదివేదానికి అక్క ఒక్కతే ఉన్నింది.