మేనత్త వెయ్యాల్సిన మొదటి జడ

సెర్లుంగ్ లోయ, చలికాలపు ఇల్లు
ఇనుప పాము సంవత్సరం, పదకొండో నెల, ఎనిమిదో రోజు

చెల్లెలు డోల్కర్‌కి,

కొండ కనుమ ఇవతల నుంచి నీ వదిన రించెన్ రెండు చేతులా తెల్ల కండువా చాచి పలకరిస్తోంది. ఒంట్లో బాగుందా? సిలింగ్ పట్నంలో హోటల్ గిన్నెలు తోమీ తోమీ నీ చేతులు పగిలిపోయాయని ఉన్ని లారీ డ్రైవరు చెప్పాడు. అతనితోనే వెన్న ముద్ద పంపుతున్నాను. సగం టీలో వేసుకో, సగం చేతులకి రాసుకో. అంతా అక్కడివాళ్ళకి పంచిపెట్టకు, నీ సంగతి నాకు తెలుసు.

నేను చెప్తుంటే రాస్తున్నది నీ మేనకోడలు యుమ్‌ఛో. బడిలో నేర్చిన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయిలే. నేను చెప్పే తిట్లు మాత్రం రాయడం లేదని నా అనుమానం.

నది గడ్డకట్టింది. గొర్రెలు అవతలి ఒడ్డుకి నడిచే వెళ్తున్నాయి. మొన్న ఉప్పు తోలుకుపోయేవాళ్ళు ముగ్గురు మంచులో దారి తప్పి వచ్చి రెండు రోజులున్నారు. ఏ ఊరివాళ్ళని నేనడగలేదు, కడుపు నిండాక వాళ్ళే చెప్పారు. కప్పు అడుగు కనబడనివ్వకుండా టీ పోస్తూనే ఉన్నాను. వాళ్ళలో ముసలాయన చివరికి కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇంకో చుక్క పడితే గుర్రం ఎక్కలేనని మొత్తుకున్నాడు. మీ అమ్మ ఉంటే ఆ చెయ్యి తీయించి మరీ పోసేది.

అమ్మ పోయి రెండు చలికాలాలయింది. కబురు పంపాం, నువ్వు రాలేదు. తప్పు పట్టడం లేదు.

అసలు సంగతికి వస్తాను. ఈ లోసర్ పండగతో యుమ్‌ఛోకి పదిహేనో ఏడు. కొత్త సంవత్సరం మూడో రోజున, ఈడొచ్చిన గుర్తుగా దానికి జడలు వెయ్యాలి. మన ఇంట్లో మొదటి జడ మేనత్త వేస్తుంది కదా. మా అక్క వేస్తానని వస్తే ఇది ఒప్పుకోలేదు. నా మేనత్త బతికే ఉందిగా అంది. నువ్వు రాకపోతే జుట్టు విరబోసుకునే తిరుగుతుందట. ఆ మొండితనం మీ వంశానిది, మాది కాదు. ఈ మాట రాయనని అలిగింది, బతిమాలి రాయించాను.

నువ్వెందుకు రావో లోయంతా తెలుసు. మీ అన్న గొన్పో ఉన్ని లారీ ఎక్కి కనుమ దాటడానికి బయల్దేరిన పొద్దునే నువ్వు ఇల్లు ఊడ్చావు. మనిషి ప్రయాణమైన రోజు మనం చీపురు పట్టం. శవం గడప దాటాకే అలా ఊడుస్తాం. మూడోనాడు లారీ లోయలో పడిందని కబురొచ్చింది. మీ అమ్మ నీ వైపు తిరిగి ఒకటే మాట అంది.

"నా కొడుకుని ఊడ్చిపారేశావు కదే."

నలభై తొమ్మిది రోజుల కర్మకాండా ముగిశాక మూట కట్టుకుని వెళ్ళిపోయావు. అప్పటికి యుమ్‌ఛో ఇంకా నా కడుపులోనే ఉంది.

ఆ మాట అన్న మనిషి ఇప్పుడు లేదు. ఇంక వచ్చెయ్యమ్మా. తొమ్మిది ఇళ్ళవాళ్ళు వస్తారు, రెండు గొర్రెలు కోస్తాం. మీ పెదనాన్న పాట ఎత్తుకుంటే ఆపడానికి కూడా ఒక మనిషి కావాలి. లారీ నెలాఖరుకి మళ్ళీ ఇటు వస్తుంది, అందులో ఎక్కు. పిల్ల రోజూ కనుమ వైపు చూస్తోంది, నేనూ చూస్తున్నాను.

నీ రాక కోసం పొయ్యి ఆరనివ్వని
వదిన రించెన్

తా.క. ఇవి నా అక్షరాలు. వంకరగా ఉన్నాయని నవ్వకు. యుమ్‌ఛో గొర్రెల వెంట వెళ్ళింది, డ్రైవరు బయట టీ తాగుతున్నాడు. రెండు చలికాలాలు పిల్ల పక్కన కూర్చుని రాత నేర్చుకున్నాను. ప్రార్థనల కోసం అనుకుంది. ఇందుకోసం నేర్చుకున్నాను.

ఆ పొద్దున నీకంటే ముందు ఇల్లు ఊడ్చింది నేను. మీ అన్న తొందరలో పిండి సంచి తన్నేశాడు, పొయ్యి చుట్టూ బార్లీ పిండే. అత్తమ్మ తిడుతుందని, లారీ చప్పుడు ఇంకా వినబడుతుండగానే మూలమూలలా ఊడ్చేశాను. కొత్త కోడల్ని, తిట్లకి భయపడ్డాను, అంతే. నేను పిడకలు తేవడానికి వెళ్ళాక నువ్వు లేచావు. అన్న ప్రయాణం రేపనుకుని నువ్వూ చీపురు పట్టావు. అప్పుడే అత్తమ్మ లోపలికి వచ్చింది.

మంచులో చక్రం జారిందనీ, చీపురుకేం సంబంధమనీ ఇప్పుడు పిల్ల అంటుంది. కానీ నువ్వు నమ్మావు. నమ్మి, పదిహేనేళ్ళు పరాయి ఇంటి గిన్నెలు తోమావు. నేను నీ ఇంట్లో, నీ అమ్మ పక్కన కూర్చుని టీ తాగాను.

ఆఖరి రోజుల్లో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, డోల్కర్ వచ్చిందా అని అడిగేది. నన్ను ఇంట్లోంచి వెళ్ళగొడుతుందన్న భయం అప్పటికి పోయింది. అయినా చెప్పలేదు. ఒకనాడు "నువ్వే నా కూతురివి" అంది. ఆ మాట వదులుకోలేకపోయాను డోల్కర్. నీకు దక్కాల్సిన మాట అది, నేను దొంగిలించాను.

నన్ను క్షమించకపోయినా సరే, పిల్ల కోసం రా. మొదటి జడ నువ్వు వెయ్యి. అది అయ్యాక తొమ్మిది ఇళ్ళవాళ్ళ ముందూ నేనే చెప్తాను. మిగతా జడలు తల్లి వెయ్యాలి. అంతా విన్నాక పిల్ల నన్ను తల ముట్టుకోనిస్తుందో లేదో.