ఏ డబ్బా పాలు కొనాలని అడిగావు

ఆర్మూర్,
17 మార్చి 1991.

చిరంజీవి సౌభాగ్యవతి విద్యావతికి మీ అత్తమ్మ గంగాబాయి మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ మామయ్యా ఒంట్లో కులాసాగానే ఉన్నాం. సాంగ్లిలో నువ్వూ నర్సయ్యా కూడా బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి నిమ్మళించాము. అది వచ్చి తొమ్మిది రోజులైంది. జవాబు రాలేదని నువ్వు ఫికర్ పడి ఉంటావు. మూడుసార్లు రాయడం మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను.

మీ మామయ్య కన్ను గురించి అడిగావు. నిజామాబాద్‌లో ఆపరేషన్ బాగానే జరిగింది. నెల రోజులు దుమ్ములోకి పోవద్దనీ, ఏదీ చదవవద్దనీ డాక్టర్ చెప్పాడు. చదవడం మానేశాడు గానీ దుమ్ము మానలేదు. పసుపు సీజన్‌లో మార్కెట్‌కు పోకుండా ఆయన్ని ఎవరు ఆపగలరు? ఈసారి బాల్కొండ వైపు నుంచి మంచి సరుకు వస్తోంది. పొద్దున పోయిన మనిషి మధ్యాహ్నం తిండికి వస్తాడు, బనీను దాకా పసుపే.

నీ పాదాలకు వాపు వస్తోందని రాశావు. ఇదివరకైతే నేనే ఏదో ఒక కషాయం చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. అక్కడి డాక్టర్‌కు చూపించు. బీపీ చూడమను. తొమ్మిదో నెలలో వాపును తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక నీ ఉత్తరం చివర రాసిన మాట. "నా పాలు మంచివి కావు కదా అత్తమ్మా, ఈసారి ముందుగానే డబ్బా పాలు తెచ్చి పెట్టుకుంటాము, ఏ డబ్బా కొనాలో రాయండి" అని రాశావు. ఉత్తరం మీ మామయ్యకు నేనే చదివి వినిపిస్తున్నాను. అక్కడికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. "ఏం రాసింది?" అని అడిగాడు. "ఏం లేదు, కింద దస్కతు పెట్టింది" అన్నాను.

విద్యా, ఇప్పుడు రాయబోయేది నీకు సగం తెలుసు. మిగతా సగం ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మీ అమ్మ లేదు కాబట్టి నీ తొలి కాన్పు నవీపేట్‌లో మీ పుట్టింట కాకుండా మన ఇంట్లోనే చేస్తానని నేను ముందుకు వచ్చాను. ఊరంతా నన్ను మెచ్చుకుంది. నీకప్పుడు పందొమ్మిదేళ్లు. పెళ్లినాటి గాజులు మోచేతి దాకా జారేవి, అంత సన్నగా ఉండేదానివి. పిల్లవాడు పుట్టాడు. సిద్ధులగుట్ట దేవుడి పేరు పెట్టుకున్నాం. మొదటి మూడు రోజులు నీకు పడిన ముర్రుపాలు చిక్కగా, పసుపుపచ్చగా ఉన్నాయి. అవి చెడ్డ పాలని పిండించి పారబోయించాను. వాడికి చక్కెర నీళ్లు నాకించాను. నాలుగో రోజు నుంచి పాలు పలచబడితే, ఇవి ఉత్త నీళ్లన్నాను. చిక్కగా ఉన్నప్పుడు చెడ్డవన్నాను, పలచబడ్డాక బలం లేనివన్నాను. నువ్వు దేనికీ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి నీ వైపు మనిషి ఎవరూ ఆ ఇంట్లో లేరు.

నాకు నాలుగు కాన్పులు. నాలుగింటికీ పాలు ధారగా పడ్డాయి. నా ఒళ్లు చూసి మా అత్త నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. బలమైన మనిషికే బలమైన పాలుంటాయని నేను నమ్మాను. నమ్మడమేమిటి, అది నా గొప్పే అనుకున్నాను.

సిద్ధుకు ఇరవై రోజులప్పుడు హైదరాబాద్ నుంచి వసుమతి డాక్టరమ్మ వచ్చింది, గుర్తుందా? బాలింతల పాలు చిన్న సీసాల్లో పట్టి ఐసు పెట్టెలో పెట్టుకునేది. నర్సు శాంతవ్వ వెంట ఉండి ఇళ్లు చూపించేది. మన ఇంట్లో నిన్నూ, మన కళ్లంలో పసుపు కొమ్ములు ఏరే భాగ్యవ్వనూ ఒకేరోజు చూసింది. భాగ్యవ్వకు అది ఐదో కాన్పు, ఆమె బిడ్డా సిద్ధు పుట్టిన నెలలోనే పుట్టింది. తల్లులిద్దరి బరువూ తూచింది. వయసు, కాన్పులు, తినే తిండి, వచ్చిన జ్వరాలు అన్నీ రాసుకుంది. ఎందుకమ్మా ఇదంతా అని అడిగాను.

"తల్లి పాలలో బిడ్డను రోగాల నుంచి కాపాడే గుణం ఉంటుందండీ. తల్లి వయసును బట్టి, బరువును బట్టి, కాన్పులను బట్టి అది మారుతుందా అని చూస్తున్నాం" అంది.

నేను ఊరుకోలేదు. నీ ముందే, భాగ్యవ్వ ముందే అన్నాను. "మా కోడలి పాలల్ల బలం లేదమ్మా. మనిషిని చూస్తె తెలుస్తలేదా? నీళ్లలెక్కున్నయి."

"చూస్తే తెలిసేదైతే నేనింత దూరం వచ్చేదాన్ని కాదు" అంది డాక్టరమ్మ.

భాగ్యవ్వ నవ్వింది. "మనిషి సన్నగుంటె పాలు గూడ సన్నగైతయా సావ్‌కారమ్మ? నా పోరగాండ్లందరు గీ పాల మీదనే పెరిగిన్రు."

"నీ ఒళ్లు వేరు, మా ఇండ్లల్ల ఆడోళ్ల ఒళ్లు వేరు" అన్నాను. నువ్వు తల వంచుకుని జాకెట్టు గుండీలు పెట్టుకుంటున్నావు.

రెండో నెలలో డబ్బా పాలు తెప్పించాను. సీసా నేనే పట్టేదాన్ని. నువ్వు చాటుగా పాలిస్తున్నావని నాకు తెలుసు. ఒకరోజు గది గడియ పెట్టుకుంటే తలుపు బాదాను. "ఆకలికి ఏడుస్తున్నడు అత్తమ్మా, జరంత ఇచ్చి వస్త" అన్నావు లోపలి నుంచి. "నీ పాలతోని కడుపు నిండదు, వాని పానం తియ్యకు" అన్నాను. ఆ మాట నేనన్నాను, విద్యా. నువ్వు మరచిపోయి ఉండవు.

ఇంతవరకు నీకు తెలిసిందే.

జూలై నెలలో శాంతవ్వ ఒక కవరు తెచ్చింది. నువ్వు తలకు పోసుకుంటున్నావు. కవరు మీద నీ పేరుంది. "డాక్టరమ్మ పంపింది. కోడలికియ్యి, గంగాబాయి. డబ్బా బంద్ చెయ్యమన్నదట" అంది. సరేనని తీసుకున్నాను. గడపలో నిలబడి చదివాను. డాక్టరమ్మ తెలుగులోనే రాసింది, నువ్వు చదువుకోవాలని. ఆ కాగితం ఈ ఉత్తరంలో పెట్టి పంపుతున్నాను. అయినా దాంట్లో ఉన్నది నా చేత్తో ఇక్కడ రాస్తాను. నాకు అది చూడకుండా వచ్చు.

"విద్యావతికి, నీ పాల పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఒక్కొక్క తల్లికి కొద్దిపాటి తేడాలు ఉన్నాయి. కానీ నీ పాలలో బిడ్డకు రక్షణ ఇచ్చేవి నీకంటే బరువైన తల్లుల పాలలో ఉన్నంతగానే ఉన్నాయి. నువ్వు సన్నగా ఉన్నావనో, చిన్నదానివనో పాలు మాన్పించవలసిన అవసరం ఏమీ లేదు. మొదటి మూడు రోజుల పాలలో ఈ రక్షణ ఎక్కువగా ఉంటుంది. అవి పారబోశారని విని బాధపడ్డాను. సీసా పాలు పడుతున్నారని శాంతవ్వ చెప్పింది. వానాకాలం మొదలైంది. దయచేసి సీసా ఆపి, నీ పాలే ఇవ్వు. నీ పాలు మంచివి."

చివరి మాట కింద గీత కూడా గీసింది.

నువ్వు తల తుడుచుకుంటూ వచ్చి, "ఎవరొచ్చిన్రు అత్తమ్మా?" అని అడిగావు. "శాంతవ్వ. టీకాల గురించి" అన్నాను. కాగితం తీసుకుపోయి పాత పంచాంగాల కట్టలో పెట్టాను.

ఎందుకలా చేశానని ఈ ఆరేళ్లలో నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. పిల్లవాడికి కీడు జరగాలని కాదు, అది మాత్రం నమ్ము. వాడంటే నాకు ప్రాణం. కానీ నీ పాలు పనికిరావని వాడకట్టంతా చెప్పి ఉన్నాను. ఆ కాగితం నీ చేతికిస్తే నా మాట పోతుంది. నాలుగు కాన్పులు చేసుకున్నదాన్ని, పందొమ్మిదేళ్ల పిల్ల ముందు తప్పయిందని ఎట్లా ఒప్పుకోవాలి? రెండు రోజులు ఆగి మెల్లగా నా ఆలోచనే అన్నట్టు డబ్బా మాన్పిద్దాం అనుకున్నాను. రెండు రోజులు నాలుగు వారాలయ్యాయి.

శ్రావణంలో ముసురు పట్టింది. కుళాయిలో నీళ్లు ఎర్రగా వచ్చేవి. పొద్దున సీసాలో మిగిలిన పాలు పారబోయబుద్ధి కాక సాయంత్రం మళ్లీ పట్టాను. అది కూడా నేనే. తెల్లారి నుంచి సిద్ధుకు విరేచనాలు. పళ్లొస్తున్నాయేమో అన్నాను. రెండో రోజుకు కళ్లు లోపలికి పోయాయి. అప్పుడు భాగ్యవ్వ కళ్లం నుంచి పరుగున వచ్చి, "కోడలిని పాలియ్యనియ్యి సావ్‌కారమ్మ, గామె పాలు సాలకుంటె నేను గూడ ఇస్త" అంది. ఆమెను వాకిట్లోనే నిలబెట్టి పంపేశాను. నర్సయ్య జీపు తెచ్చేసరికి పిల్లవాడు ఏడవడం మానేశాడు. నిజామాబాద్ ఇంకా రాకముందే నీ ఒళ్లోనే పోయాడు.

పదో రోజున వచ్చిన ఆడవాళ్లలో ఎవరో ఏమైందని అడిగితే, "తల్లి పాలు పడలేదు పిల్లగానికి" అన్నాను. నువ్వు గోడకు ఆనుకుని కూర్చుని విన్నావు. కాగితం పంచాంగాల కట్టలో ఉందని తెలిసీ ఆ మాట అన్నాను.

ఆ తరువాత రోజుల్లో నీ జాకెట్టు ఎప్పుడూ తడిసే ఉండేది. గుడ్డ బిగించి కట్టుకున్నా పాలు కారేవి. పెరట్లో గోడ పక్కన వంగి పిండుకునేదానివి. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. పాలు పనికిరావని నేనన్న మనిషికి పదిహేను రోజుల దాకా పాలు ఆగలేదు.

మరుసటి ఏడు మీరు సాంగ్లి వెళ్లిపోయాక డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. బిడ్డ ఎలా ఉన్నాడని అడిగింది. చెప్పాను. రాసుకునే పుస్తకం మూసింది. తరువాత, "నా ఉత్తరం అందలేదా?" అంది. "ఏ ఉత్తరం? ఏదీ రాలేదమ్మా" అన్నాను. ఆమె శాంతవ్వ వైపు తిరిగి, "నీ చేతికే పంపాను కదా, ఒక్క కాగితం ఇవ్వలేకపోయావా?" అని నా ముందే కోప్పడింది. శాంతవ్వ నా మొహంలోకి చూసింది. నేను చెబుతానేమో అని చూసింది. చెప్పలేదు. "తప్పయింది మేడం" అని ఆ నింద తాను మోసింది. అప్పటి నుంచి మన గడప తొక్కలేదు.

నువ్వు అన్నేళ్లు మళ్లీ కడుపు వద్దనుకున్నావని నర్సయ్య ఒకసారి చెప్పాడు. "గీ పాలతోని ఇంకో పిల్లను చంపుకోలేను" అన్నావట. అది విని కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు పుట్టబోయే బిడ్డకు ముందే డబ్బా కొంటానని నీ చేత్తో రాశావు. ఇక ఊరుకుంటే నేను మనిషిని కాను.

మొన్న ఆదివారం మీ మామయ్యను కూర్చోబెట్టి కాగితం చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగాడు. "గిది ఎన్నడొచ్చింది?" పిల్లవాడు పోకముందే అన్నాను. లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు నేను పెట్టింది తిని మార్కెట్‌కు పోయాడు. మూడో రోజు చెప్పులు వేసుకుంటూ, "కోడలికి నువ్వే రాయి. ఒక్క ముక్క దాచకు" అన్నాడు.

శాంతవ్వ ఇంటికి పోయాను. ఆమె రిటైరైంది. తప్పయిందని ఆమె ముందు చేతులు జోడించాను. "నాదేమున్నది గంగాబాయి, ఒక్క మాట పడ్డ, అయిపోయింది. గా పిల్ల గిన్నేండ్ల నుంచి తననే తిట్టుకుంటున్నది. ముందుగాల ఆమెకు చెప్పు" అంది. కూర్చోమనలేదు.

బిడ్డా, ఏ డబ్బా కొనవద్దు. పుట్టిన గంటలోనే రొమ్ముకు పెట్టుకో. మొదటి పాలు పచ్చగా ఉంటాయి, చుక్క కూడా పారబోయకు. ఎవరైనా పక్కింటి పెద్దామె వచ్చి పలచగా ఉన్నాయంటే డాక్టరమ్మ కాగితం చూపించు. నేనే వచ్చి అన్నా వినవద్దు. పాలిచ్చేటప్పుడు భయమేస్తే ఆ చివరి మాట చదువుకో.

ఈ ఉత్తరం నర్సయ్యకు కూడా చదివి వినిపించు. ఆ రోజుల్లో వాడూ నా మాటే నమ్మి నీతో సరిగా మాట్లాడలేదు. వాడికీ తెలియాలి. వాడకట్టులో ఆనాడు ఎవరెవరితో ఆ మాట అన్నానో వాళ్లందరి ఇళ్లకూ పోయి చెబుతున్నాను. ఇప్పటికి నాలుగిళ్లు అయ్యాయి. ఇంకా ఉన్నాయి.

కాన్పుకు రమ్మని నువ్వు రాయలేదు. నేనూ అడగను. రమ్మంటే వంట చేసి పెడతాను, బట్టలు ఉతుకుతాను, బిడ్డ దగ్గరికి నువ్వు పిలిస్తేనే వస్తాను. రావద్దంటే అది నీ ఇష్టం. ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా సరే. బిడ్డ పుట్టి నీ పాలు తాగుతున్నదని మాత్రం నర్సయ్య చేత మీ మామయ్యకు ఒక కార్డు వేయించు.

ఇట్లు,
నీ తప్పేమీ లేదని పిల్లవాడు బతికి ఉండగానే తెలిసిన
నీ అత్త
గంగాబాయి