రెండో నంబరు కౌన్సిలర్

నేస్, కిల్డేర్ కౌంటీ, ఐర్లాండ్,
16 జూన్ 2024.

మహాలక్ష్మితో సమానురాలైన అక్కయ్య లలితకుమారికి, నీ చెల్లెలూ నేటి కౌన్సిలరూ అయిన సూర్యప్రభ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. లెస్టర్‌లో నువ్వూ, పిల్లలూ, బావగారి మీసమూ క్షేమమని తలుస్తాను. ఫోన్లో చెబితే బావగారు రెండో మాటకే అడ్డం తగులుతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఆయనకు గట్టిగా చదివి వినిపించు.

అవునక్కా, గెలిచాను. మా కౌంటీ కౌన్సిల్లో ఇప్పుడు నాకూ ఒక కుర్చీ ఉంది. నామినేషన్ వేసిన రోజు డిపాజిట్ కూడా దక్కదని బావగారు నవ్విన సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

మా కాలనీ నుంచి రైల్వే స్టేషనుకు బస్సు లేదు. డబ్లిన్ ఉద్యోగాలకు పోయేవాళ్లంతా పొద్దున్నే వానలో తడుస్తూ నడుస్తారు. అడగడానికి మాలో ఒకరు లోపల ఉండాలి కదా అని నిలబడ్డాను. ఇక్కడ స్థానిక ఎన్నికల్లో పౌరసత్వం లేకపోయినా, కాపురం ఉండేవాళ్లెవరైనా ఓటేయచ్చు, పోటీ చేయచ్చు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

బావగారి తలకెక్కనిది ఈ ఓటు పద్ధతి. మీ పార్లమెంటుకైతే ఒక పేరు పక్కన ఇంటూ పెడతారు, ఎక్కువ వచ్చినవాళ్లదే సీటు. ఇక్కడ ఒక్కో ప్రాంతానికి చాలా సీట్లు. ఇష్టమైన వరసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలి. నీ ఒకటో మనిషి ఓడిపోతే నీ ఓటు చెత్తబుట్టలో పడదు, రెండో మనిషికి వెళ్తుంది. ఇదంతా ఐరిష్ వాళ్ల పిచ్చి అన్నారు కదా, గ్లాస్గోలో మన పెదనాన్న కొడుకు శ్రీహర్షను అడగమను. వాడు కౌన్సిల్‌కు మాలాగే అంకెలు వేస్తాడు, స్కాట్లాండ్ పార్లమెంటుకు మనిషికొకటి, పార్టీకొకటి వేస్తాడు, లండన్ పార్లమెంటుకు మీలాగే ఇంటూ పెడతాడు. మీ బ్రిటన్‌లోదే అయిన బెల్‌ఫాస్ట్ అసెంబ్లీకీ అంకెలే. వీటిలో అసలైన బ్రిటిష్ పద్ధతి ఏదో బావగారే తేల్చుకోవాలి.

మాకు చిక్కొచ్చింది ఒక్క మాట దగ్గర. ఇంటింటికీ తిరిగేటప్పుడు, ఒకటి వేరేవాళ్లకు అనుకున్నవాళ్లను రెండు అడగాలి. మనవాళ్ల నోట ఆ మాట రాదు. నా ప్రచారం భుజాన వేసుకున్న రత్నకుమార్ అని ఒక వరంగల్ అబ్బాయి ఉన్నాడు, పక్కన లీక్స్‌లిప్ ఊళ్లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నంబర్ టూ అంటే డూప్లికేట్ మాల్ గదక్కా, మన క్యాండిడేట్‌ను మనమే నంబర్ టూ అని ఎట్ల చెప్పుకుంటం, ఇజ్జత్ పోతది అని మొండికేశాడు. నాకూ నిజమే అనిపించింది. మా ఒకటి ఫలానా ఆయనకు అని ఎవరన్నా అనగానే థాంక్స్ చెప్పి, గేటు వేసి వచ్చేసేవాళ్లం.

ఆ తప్పు పట్టుకున్నది బ్రీడా. రిటైరైన నర్సు, మా వెనక వీధి, నాకు పోటీ అభ్యర్థి కూడా. మేం ఈ ఊరికి రాకముందు నుంచీ ఆ బస్సు కోసం కొట్లాడుతున్న మనిషి. పార్టీ లేదు, బలగం లేదు. నన్ను రోడ్డు మీద ఆపి, ఇంత మర్యాదగా ఓడిపోయేవాళ్లను తానెప్పుడూ చూడలేదంది. రెండు అడగడానికి సిగ్గుపడితే ఈ దేశంలో సీటు రాదమ్మాయీ అని చీవాట్లు పెట్టింది. మర్నాటి నుంచి మీ ఒకటి మీ ఇష్టం, రెండు మాత్రం నాకివ్వండి అని నేనే అడిగాను. చాలామంది గ్రాండ్ అన్నారు, ఇక్కడ సరేనంటే అదే మాట. రత్నకుమార్ మాత్రం మొహం ముడుచుకుని నా వెనక నడిచాడు.

మొదటి లెక్కలో నేను ఎక్కడో కింద ఉన్నాను. మీ పద్ధతైతే అప్పుడే ఇంటికొచ్చి పప్పుకు పోపు పెట్టుకునేదాన్ని. తర్వాత ఓడినవాళ్ల కట్టలు ఒక్కొక్కటే విప్పి, రెండో అంకె చూసి పంచుతుంటే నా దొంతి పెరుగుతూ వచ్చింది. చివరి సీటుకు నేనూ, ఒక పాత కౌన్సిలరూ, బ్రీడా మిగిలాం. అందరికంటే కింద ఉన్న బ్రీడా తప్పుకోవాల్సి వచ్చింది. ఆమె ఓట్లలో సగానికి పైగా నా పేరు పక్కన రెండు ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టే తేడాతో సీటు నాదైంది.

మా ఆయన దశరథ సంగతి నీకు తెలుసుగా, ఇంట్లో కూడా గొంతెత్తని మనిషి. ఓట్ల లెక్కింపు హాలు దద్దరిల్లేలా ఈల వేశాడు. గెలిచినవాళ్లను భుజాలకెత్తుకోవడం ఇక్కడి ఆనవాయితీ. రత్నకుమార్ నా వైపు వస్తే, ముందు బ్రీడాను ఎత్తమన్నాను. ఆవిడ తిడుతూనే ఎక్కింది. నాకు సంతోషంతో ఏడుపొచ్చిందక్కా, దాచుకోలేదు.

వచ్చే నెల నాలుగున మీ ఎన్నికలు. బావగారిని శుభ్రంగా ఒక ఇంటూ పెట్టి రమ్మను.

ఇట్లు,
గెలిచిన గర్వం ఇంకా దిగని నీ చెల్లెలు,
సూర్యప్రభ

తా.క. ఇది గట్టిగా చదవకు, నీ ఒక్కదానికే. పోలింగ్ బూత్‌లో పెన్సిల్ పట్టుకుని నా పేరూ బ్రీడా పేరూ చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నాకంటే ముందు ఆ కుర్చీ ఆవిడకు రావాలి అనిపించింది. ఒకటి బ్రీడాకు వేశాను, రెండు నాకు వేసుకున్నాను. దశరథకు కూడా చెప్పలేదు. చివర్లో ఆవిడ కట్ట విప్పి పంచినప్పుడు నన్ను గెలిపించిన ఓట్లలో నాదీ ఉంది. లెస్టర్‌లో అయితే నన్ను నేనే ఓడించుకున్నట్టయ్యేది.