సెల్లులకు తీసిన తరుగు

అన్నా, బ్యాటరీ విమానం తూకంలో నువ్వు ఇరవై తులాలు తరుగు తీశావు. తీసిన సంగతి చీటీ మీద రాయలేదు. ఇప్పుడు నీ క్షేమం అడగడానికి నాకు మనసు రావడం లేదు.

భువనగిరిలో నీ కాంటా మీద నేను పెట్టినవి ఆముదాల బస్తాలు కావు. ఇక్కడ బొంబాయిలో మా సేఠు ఇచ్చిన సామానుతో, సెలవుకు వచ్చి మన ఇంట్లో నెల రోజులు కూర్చొని కట్టిన రెండు చిన్న విమానాలు. ఒకటి చమురు ఇంజనుది, రెండోది సెల్లుల మోటారుది. నేల మీద నిలబడి రేడియో పెట్టెతో నడిపేవి. సెల్లులది చమురుదానికంటే బరువైతే లేవదని నీకు ముందే చెప్పాను. రెండూ నూటయాభై తులాలే అని రాసిచ్చావు.

నేను బొంబాయి తిరిగొచ్చాక సేఠు మళ్లీ తూచి చూద్దామన్నాడు. మా అన్న తూచాక ఇంకొకరు తూచే పని లేదని అందరి ముందు అన్నాను.

మైదానంలో చమురుది చెట్ల మీదికి లేచి, చక్కర్లు కొట్టి దిగింది. సెల్లులది గడ్డిలో కోడిలాగా ఉరికి ఉరికి ముక్కు మీద పడింది. సేఠు అక్కడే తూచాడు. నూటడెబ్బై. సెల్లులు చచ్చేదాకా మోటారు తిప్పించి మళ్లీ తూచాడు. అప్పుడూ నూటడెబ్బయే. నా పక్కన పనిచేసే అమ్రాబాదు సాయన్న నవ్వాడు.

"మీ అన్న గాలిని సుత జోకి తీసేసినట్టున్నడు గదర."

ఏం జరిగిందని నీకు రాస్తే నీ కార్డు వచ్చింది. "చమురు కాలితె డబ్బ తేలికైతది. కరెంటు కాలితె సెల్లు తేలిక గాదా? గందుకే తరుగు తీసిన. నీ మేలుకే" అని.

చమురు పొగై పోతుంది. సెల్లు నిండుగా ఉన్నా, ఖాళీ అయినా అంతే బరువు. తడి ఆముదాలు ఎండినట్టు అది ఎండదు. తెలియకపోతే అడగాలి. తూచే సమయానికి బీడీల కోసం నన్ను అంగడికి పంపింది నువ్వే.

విమానాలు కట్టే బల్ల దగ్గర నుంచి నన్ను లేపారు. పెట్టెలకు మేకులు కొడుతున్నాను. దొంగ చీటీ తెచ్చానని సేఠు అనుకుంటున్నాడు. వచ్చే శనివారం ఆ బల్ల ఇంకొకరికి ఇస్తాడు. వాన ఆగడం లేదు, గది కారుతోంది, రొట్టె గొంతు దిగడం లేదు. అమ్మకు మాత్రం బాగా తింటున్నానని చెప్పు. అవ్వకు నా దండాలు.

తరుగు తీసింది నేనే, మా తమ్మునికి తెలియదు అని నీ చేత్తో రాయి. కింద కాంటా ముద్ర వెయ్యి. సాయన్న సేఠుకు చదివి వినిపిస్తాడు. ముద్ర వేస్తే బజారులో నీ పేరు పోతుందని భయపడతావు, నాకు తెలుసు. నా పేరు ఇప్పటికే పోయింది. "నీ మేలుకే" అన్న మాట మాత్రం అందులో రాయకు.

శుక్రవారం టపాకు ఆ కాగితం నా చేతిలో ఉండాలి.

నీ తమ్ముడు,
నర్సిములు