పాత పేజీ

నెల్లూరు, ఆగస్టు 1961
శనివారం రాత్రి

ఈ రోజు కూడా నలుగురికి సరిపడా చాప పరిచాను. వచ్చింది రత్నం ఒక్కడే.

మా గైడ్లు మద్రాసులో, మేమిక్కడ. ఒకరికొకరం తోడు లేకపోతే థీసిస్‌లు పూర్తికావని రెండేళ్ల కిందట ఈ శనివారాలు మొదలుపెట్టింది నేనే. ఎవరైనా సరే, ఆ వారం రాసిన పేజీ ఒకటి తెచ్చి చదవాలి. పట్టా రాకముందే ఒకరినొకరం "డాక్టరు గారూ" అని పిలుచుకోవాలి. అదీ నేను పెట్టిన నియమమే. అప్పట్లో ఎంత నవ్వుకునేవాళ్లం!

రత్నం చేతిలో కాగితం లేదు. దొరవారిసత్రం హైస్కూల్లో మేష్టరు ఉద్యోగం వచ్చిందట. సోమవారమే చేరాలట.

"మరి మట్టి పరీక్షల మీద మీ థీసిస్ సంగతి, డాక్టరు గారూ?" అన్నాను.

"ఇంక నన్నట్టా పిలవబాకన్నా. సిగ్గుగా ఉండాది."

నియమం ప్రకారం పులికాట్ రొయ్యల మీద నా పేజీ తీసి చదివాను. కదలకుండా విన్నాడు. వెళ్తూ, చెప్పులు వేసుకుంటూ మెల్లగా అన్నాడు:

"ఏమనుకోబాకన్నా. పోయిన నెలంతా ఈ పేజీనే చదివినావు. మా ముగ్గురికీ తెలుసు. నొచ్చుకుంటావని ఎవరమూ అనలా."

మిగతా ఇద్దరూ ఎందుకు రావడం మానేశారని అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను.

ఈ వారం నేను రాసిన కొత్త పేజీ ఇదొక్కటే. ఇది ఎవరికీ చదివి వినిపించేది కాదు.