పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చిన చూపు

నాంపల్లి, హైదరాబాదు
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

అక్కా, నా కళ్ళు పోలేదు! రెండు కళ్ళూ బాగున్నాయి! డాక్టరమ్మ తన నోటితో చెప్పింది!

సుగుణక్కకు తమ్ముడు ఆశీర్వాదం నిండు మనసుతో చేసే వందనాలు. వందనాలు ముందు రాసి సంగతి తర్వాత రాయాలని నాకూ తెలుసు. కానీ ఆ మాట ఆగలేదు, చేతిలోంచి అదే ముందు వచ్చేసింది. నువ్వు, బావ, అమ్మ అందరూ క్షేమమని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అమ్మ అన్నం సరిగ్గా తింటున్నదా? ఇక్కడ నేనూ కరుణా ప్రభువు దయ వల్ల క్షేమం. క్షేమం అంటే మామూలు క్షేమం కాదక్కా, ఎన్నాళ్ళ నుంచో లేని క్షేమం.

పోయిన ఉత్తరం పొయ్యిలో పెట్టు. అందులో నేను చూపు తగ్గిపోతున్నదని, ఈ నెలాఖరుకు వచ్చేస్తానని, వెనక గది ఖాళీ చేసి ఉంచమని రాశాను కదా. అవన్నీ రద్దు. నా కోసం బయటికి తోలిన కోళ్ళను మళ్ళీ ఆ గదిలోకే తోలుకో. వాటికి నా మీద కోపం ఉంటే పోగొట్టు.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్‌లో నీకు సగం వినబడదు, మిగతా సగం బావ అడ్డొచ్చి మాట్లాడతాడు. ఇంత సంగతి అట్లా ముక్కలు కాకూడదు. అమ్మకు నువ్వు చదివి వినిపించాలి, అందుకే ఉత్తరం. ఇంకొకటి, ఈ ఉత్తరం పెన్నుతో రాయలేదక్కా. కరుణ దుకాణంలో నేను పనిచేసే కంప్యూటరు మీద నేనే కొట్టాను. నీకు అద్దాలు లేకుండా కనబడాలని అక్షరాలు పెద్దవి పెట్టాను.

ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. చెబుతూ ఉంటే నాకే నమ్మకం కుదురుతుందేమో.

నేను పనిచేసే ఊరి ప్రెస్సు మూతపడ్డాక నా బిడ్డ కరుణ దగ్గరికి వచ్చిన సంగతి నీకు తెలుసు. ఈ నాంపల్లి సందులో దాని దుకాణం చిన్నది. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు, చర్చి ఆరాధన కాగితాలు కంపోజ్ చేసి అచ్చుకు పంపుతుంది. పొద్దున్నే అది గౌలిగూడలో కాగితం తీసుకుని, సుల్తాన్ బజార్‌లో ప్రూఫులు ఇచ్చి, దుకాణానికి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. అప్పటిదాకా షట్టర్ తెరిచి, ప్రార్థన చేసుకుని, కంపోజింగ్ మొదలుపెట్టేది నేనే. సాయంత్రం అది వంటకని ముందు పోతుంది, దుకాణం మూసేదీ నేనే. బిడ్డకు బరువు కాకుండా పనికొస్తున్నానని ఎంత సంతోషపడ్డానో నీకు మొదటి ఉత్తరంలో రాశాను. ఇక్కడ వానాకాలం ఒకటే బురద, రోడ్డు దాటాలంటే ఎవరి వెనకనైనా నక్కి దాటాలి, పలకరించే మనిషి ఉండడు. అయినా ఆ పని ఉన్నదని అన్నీ ఓర్చుకున్నాను.

కానీ పొద్దున పూట నాకు అక్షరాలు కనబడేవి కావు. సన్నగా, చీమల్లాగా, అంచులు అరిగిపోయినట్టు ఉండేవి. ఒత్తులు పై అక్షరంలో కలిసిపోయి నల్లటి మరకలు అయ్యేవి. ముక్కు తెరకు ఆనించి కొట్టేవాణ్ణి. మధ్యాహ్నం అయ్యేసరికి మళ్ళీ బ్రహ్మాండంగా కనబడేది! ముత్యాల్లాగా! మరునాడు పొద్దున మళ్ళీ చీమలు.

అమ్మకు చూపు పోయింది నా వయసులోనే కదక్కా. ఆమెకూ మొదట్లో ఒక పూట కనబడి ఒక పూట మసకగా ఉండేదని నువ్వే చెప్పేదానివి. అది గుర్తొచ్చి నాకు అన్నం దిగలేదు. పొద్దున బైబిలు చదువుతున్నావు కదా, అక్షరాలు కనబడుతున్నట్టే కదా అంటావేమో. నేను చదివే కీర్తనలు నాకు కంఠతా వచ్చు. పుస్తకం తలకిందులుగా ఉన్నా చదివేస్తాను. దుకాణాల బోర్డులు కనబడేవి, కానీ అవి మనిషంత ఎత్తు అక్షరాలు. ఇంకేదీ చదివి చూసే ధైర్యం చేయలేదు.

కరుణకు చెప్పలేదు. చెబితే పని మాన్పించి కూర్చోబెడుతుంది. అది దుకాణానికి రాగానే, "నాయినా, జర లే. పొయ్యి చాయ్ తాగిరా పో," అనేది. ఆ మాటే చాలని లేచిపోయేవాణ్ణి, నేను కళ్ళు చికిలించడం అది చూడకూడదని. సందు చివర ఇరానీ హోటల్లో చాయ్ తాగి వచ్చేసరికి అక్షరాలు ముత్యాలు. నవ్వకక్కా, ఆ చాయ్ వల్లే నాకు చూపు వస్తున్నదని అనుకున్నాను! పొద్దున్నే తాగి చూశాను, రాలేదు. పొద్దుటి చాయ్‌లో డికాక్షన్ పలచగా ఉందేమోనని గట్టిగా పెట్టించుకుని తాగాను. గుండె దడదడలాడింది గానీ చూపు రాలేదు.

చివరికి మొన్న గురువారం కరుణకు చెప్పకుండా, దుకాణం తెరవకుండా, కళ్ళ దవాఖానకు పోయాను. అక్కడ కూర్చున్నంతసేపూ నీ వెనక గదే కళ్ళ ముందు ఉంది. డాక్టరమ్మ మన కరుణ ఈడుది. కంట్లోకి దీపం పెట్టి చూసింది, ఒక అట్ట చేతికిచ్చి చదవమంది. చదివాను. కింద ఇంకా చిన్నవి ఉన్నాయి, అవీ చదివాను. అన్నిటికంటే కింద నువ్వుగింజంత అక్షరాలు, అవి కూడా చదివేశాను! అట్ట వెనక్కి తిప్పి చూశాను.

"ఇంక చిన్నయి ఉన్నయా డాక్టరమ్మా?" అని అడిగాను.

"లేవు తాతా, అయిపొయినయ్. ఎన్నడో శుక్లం ఆపరేషన్ చేసిన కన్ను గూడ మంచిగుంది. అసలు ఎందుకొచ్చినవ్?"

"నాకు కంప్యూటర్ల అక్షరాలు కనబడ్తలేవు."

"ఎప్పుడూ కనబడయా?"

"పొద్దుగాల కనబడయి. చాయ్ తాగినంక కనబడ్తయి."

ఆమె నర్సమ్మ వైపు చూసింది. ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. "తాతా, కండ్లకు చాయ్ ఎక్కదు. బీమారి నీకు లేదు, ఆ కంప్యూటర్‌కుంది. పొయ్యి దాన్ని చూపియ్యి," అంది.

అక్కా, నేను అబిడ్స్ రోడ్డు మీద బోర్డులన్నీ చదువుకుంటూ నడిచాను. పెద్దక్షరాలు కాదు, కింద మూలన ఉండే చిన్న చిన్నవి. కరెంటు స్తంభం మీద అంటించిన కిరాయి గదుల కాగితం మొత్తం నిలబడి చదివాను. ఒకాయన, "రూం కావాల్నా పెద్దమనిషి?" అని అడిగాడు. వద్దన్నాను.

దుకాణానికి వచ్చేసరికి కరుణ ముందే వచ్చి ఉంది. వానకు గౌలిగూడలో గోదాం తెరవలేదట. మూసి ఉన్న షట్టర్ చూసి హడలిపోయి, నన్ను చూడగానే, "ఏడికి పోయినవ్ నాయినా! దుకాణం బంద్, ఫోన్ ఎత్తవు, పానం పోయింది నాది!" అని అరిచింది. నేను మొత్తం చెప్పేశాను. చీమలు, చాయ్, అట్ట, అన్నీ.

దాని మొహం తెల్లబోయింది. "నీక్కూడ కష్టమైందా? నువ్వేమనకపోతే నీకు తేడా తెల్వలేదనుకున్న. నేను నీకు తెల్వకుండ రోజు సరిచేస్తున్న గదా!" అంది.

సంగతి ఏమిటంటే అక్కా, ఇది పాత కంప్యూటరు. బరువైన సిస్టం మోయలేదని ఎవరో తెలిసినాయన తేలికది ఎక్కించి ఇచ్చాడట. అది ఎంత తేలికంటే, ఏదీ దానంతట అది చేయదు. ఏ ఫాంటు, ఎంత సైజు, అక్షరాల అంచులు నున్నగా ఉండాలా వద్దా, అన్నీ మనమే ఒక ఫైలులో రాసిపెట్టాలి, ఆ ఫైలు చదువుకోమని దానికి ఆర్డరు ఇవ్వాలి. ఇవ్వకపోతే దానికి తోచిన చీమల అక్షరాలే చూపిస్తుంది. ఆ ఆర్డరు కరుణ చేత్తో కొట్టేది. నన్ను చాయ్‌కి పంపేది అందుకేనట! "దీనికి మతిమరుపొచ్చింది నాయినా. ఎంత చెప్పినా తెల్లారి మర్శిపోతది. ఇది పోతే దుకాణం ఎట్ల నడపాలె, మల్ల ఎవరి దగ్గరనో కూలికి కూసోవాలె అని భయపడ్డ. నీకు చెప్తే ఫికర్ జేస్తవని చెప్పలె," అంది.

"ఎప్పట్నుంచి మర్శిపోతుంది బిడ్డా?"

"నువ్వొచ్చిన కాన్నుంచే."

అది నా వైపు చూసింది, కంప్యూటరు వైపు చూసింది. తర్వాత అది మెల్లగా అడిగింది. "నాయినా, పొద్దుమీకి పొయ్యేటప్పుడు దీన్నేం జేస్తవ్?"

"బంద్ జేస్త."

"తెర ఒక్కటేనా, పూరానా?"

"పూరా. పైన గుడ్డ గూడ కప్పుత."

కరుణ నెత్తి కొట్టుకుని స్టూలు మీద కూలబడింది. నేను రాకముందు అది ఏనాడూ దాన్ని పూర్తిగా బంద్ చేయలేదట, తెర మాత్రం ఆర్పి పోయేదట. ఇన్వర్టరు ఉంది కాబట్టి కరెంటు పోయినా ఆగేది కాదు. ఒక్కసారి ఇచ్చిన ఆర్డరు నెలల తరబడి అట్లాగే నిలిచింది. మన ప్రెస్సులో ఏమని నేర్పారక్కా? సాయంత్రం ఏ పేజీ బల్ల మీద విడవకూడదు, సీసపు అక్షరాలన్నీ కడిగి, దేని అరలోకి దాన్ని చేర్చి, అప్పుడు తలుపు వేయాలి. జీవితమంతా అదే చేశాను, ఇక్కడా అదే చేశాను. రోజూ సాయంత్రం శుభ్రంగా బంద్ చేసి, నా చూపు నేనే ఆర్పుకుని, గుడ్డ కప్పి ఇంటికి పోయాను!

"నువ్వు జేసింది తప్పు గాదు నాయినా. రోజు బంద్ జేసుడే మంచిది. లేవంగనే చేసే పనుల్ల ఈ ఆర్డర్ రాసిపెట్టాల్సింది, అది నాకు తోచలె," అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. లేవగానే చేసే పనులకు ఇంకో ఫైలు ఉందట, దాన్ని స్టార్టప్ అంటారట. అది తెరిచి, "నువ్వే కొట్టు," అంది. అది చెబుతుంటే ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టాను. ఒక్క వరుసే అక్కా! ఇన్నాళ్ళ నా ఏడుపుకు మందు ఒక్క వరుస!

తర్వాత పూర్తిగా బంద్ చేశాం. తెర నల్లబడింది. "ఇప్పుడు తెరువు," అంది. మీట నొక్కి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. "తెరువు నాయినా, కండ్లు తెరువు!" అని అది భుజం కుదిపింది.

తెరిచాను. పొద్దుటి పూట. చాయ్ తాగలేదు. ముత్యాలు!

నేను కళ్ళు మూసుకున్నప్పుడే కరుణ మొజంజాహీ మార్కెట్ పండ్ల వ్యాపారి ఇంటి పెళ్ళి కార్డు తెర మీద తెరిచి పెట్టింది. వధువు పేరు నుంచి కింద బంధుమిత్రుల అభినందనల దాకా పెద్దగా గొంతెత్తి చదివాను. పక్కన రబ్బరు స్టాంపులు చేసే ఖాదర్ భాయి పరిగెత్తుకొచ్చాడు.

"క్యా హువా చాచా? లాటరీ తగిలిందా?"

"చూపు తగిలింది భాయ్!"

"పెండ్లి కార్డు చదివి గింత ఖుష్ అయినోన్ని నిన్నే చూస్తున్న. పిల్ల నచ్చిందా?" అన్నాడు. కరుణ పడీ పడీ నవ్వింది.

సాయంత్రం మళ్ళీ బంద్ చేశాను. తెల్లారి తెరిచాను, ముత్యాలే. నిన్నా అంతే. ఇప్పటికీ మీట నొక్కినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాను. కరుణ నన్ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి సీతాఫలం ఐస్‌క్రీం తినిపించింది. పళ్ళు జివ్వుమన్నాయి, అయినా వదలలేదు. మీరంతా లేరే అని ఒక్కటే బాధ.

ఎవరైనా ఇటు వస్తుంటే జొన్నపిండి, నీ చేతి చింతకాయ పచ్చడి పంపించు. ఇక్కడి పచ్చడిలో అన్నీ ఉంటాయి, పులుపు ఉండదు. నా అట్టపెట్టెలో సీసపు అక్షరాలు పట్టుకునే పాత కంపోజింగ్ చిమటా ఉంటుంది, అదీ పంపు, కరుణ చూడాలంటున్నది. నా గురించి ఫికర్ చేయకు. నేను బాగున్నాను. మళ్ళీ చెబుతున్నాను, బాగున్నాను. మీ ప్రార్థనల్లో మమ్మల్ని మరవద్దు. పెద్దదానివి, నీ దీవెన మా ఇద్దరి మీదా ఉండాలి.

చూపున్న నీ తమ్ముడు,
ఆశీర్వాదం

ఈ సంగతి తప్పకుండా చెప్పవలసినవాళ్ళు:

బావకు. నెల తిరక్కుండా వెనక్కి వస్తాడని పందెం కాశాడు కదా, ఓడిపోయాడని చెప్పు.

మేనల్లుడు శాంతికుమార్‌కు. నన్ను చెయ్యి పట్టి దింపుకోవడానికి బస్టాండుకు వస్తానన్నాడు. రావద్దని చెప్పు. నేను పండక్కి వచ్చినప్పుడు నేనే వాడి చెయ్యి పట్టుకుంటాను.

చిన్నమ్మకు, రత్నం పెదనాన్నకు. బుధవారం కూడికలో నా కళ్ళ కోసం ప్రార్థన పెట్టించారు. ఈ బుధవారం దాన్ని స్తుతి కిందికి మార్చమను.

చివరికి మన అమ్మకు. అందరికంటే తీరిగ్గా చెప్పు, కుడిచెవి దగ్గర. నాకూ తనలాగే అవుతుందేమోనని లోపల లోపల తనవల్లే అనుకుంటూ ఉంటుంది, నాకు తెలుసు. చెప్పినా నమ్మదు. అప్పుడు ఈ కాగితం తన చేతుల్లో పెట్టు. కనబడకపోయినా తడిమి చూస్తుంది. ఇందులో ప్రతి అక్షరమూ నీ కొడుకు చూసి కొట్టాడమ్మా అని చెప్పు.